వడపోత కాగితం చేసిన సాయం

1950ల నడిమి రోజులు. అమెరికా పడమటి తీరాన, సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరం నుంచి ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైమును తీస్తున్నారు. ఒంట్లో చక్కెర నిల్వగా ఉండే గ్లైకోజెన్‌ను విడగొట్టే ఎంజైము అది. సెయింట్ లూయిస్‌లో కోరీ దంపతులు రాసిపెట్టిన పద్ధతి ప్రకారం కండరపు రసాన్ని కాగితంతో వడకట్టాలి. వీళ్లు కాగితం మానేసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పారు. పని శుభ్రంగానే జరిగింది కానీ చేతికొచ్చిన ఎంజైము మాత్రం నిద్రపోతోంది. కాగితంతో వడకడితే మేలుకుంటోంది. గుట్టు కాగితంలోనే ఉంది. అందులో అంటుకుని ఉన్న కొద్దిపాటి కాల్షియం రసంలోకి దిగి, మరో ఎంజైమును లేపుతోంది. ఆ రెండోది కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తీసుకుని ఫాస్ఫోరిలేజ్‌కు తగిలిస్తోంది.

ఫాస్ఫేటు తగిలిస్తే పని మొదలు, తీసేస్తే పని బంద్. కొన్ని ప్రోటీన్లలో ఇది తారుమారుగానూ ఉంటుంది. కణం బయట పడిన కేక లోపలి ప్రోటీన్ల దాకా చేరే దారిలో అడుగడుగునా కనిపించే మీట ఇదే. ఆ దారి ఎలా బయటపడిందో చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. పెద్ద మలుపుల్లో చాలావాటి వెనక ఉన్నది మలినమో, పాతబడిన ద్రావణమో, తప్పుగా పెట్టిన పేరో.

ఫాస్ఫేటు దాత అయిన ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి గుర్తించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు. ఫిస్కే, సుబ్బారావు 1925లో ప్రకటించిన ఫాస్ఫేటు కొలత పద్ధతి దశాబ్దాల పాటు జీవరసాయనవేత్తల బల్లల మీద నిత్యం నడిచింది.

కణం మీద కబురు అందుకునే చోటు ఒకటుంటుందన్న ఊహ ఇంకా పాతది. 1905లో కేంబ్రిడ్జిలో జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ కోడి కండరం మీద నికొటిన్ ప్రయోగించాడు. కండరం బిగుసుకుంది. నరాన్ని కోసి, అది చచ్చుబడ్డాక చూసినా బిగుసుకుంది. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాల మొనలకు పూసే క్యురారే విషం ఇస్తే ఆ బిగువు సడలింది. అంటే రెండూ పోట్లాడుకునేది నరం కోసం కాదు, కండరంలోనే ఉన్న ఏదో పదార్థం కోసం. లాంగ్లీ దాన్ని గ్రహించే పదార్థం అన్నాడు. అదే కాలంలో జర్మనీలో పాల్ ఎర్లిక్ వేరే దారిలో ఇలాంటి చోటికే వచ్చి, రిసెప్టర్ అన్న మాట వాడాడు. కంటికి కనిపించనిదాన్ని నమ్మడం అందరికీ చేతకాలేదు. 1948లో రేమండ్ ఆల్‌క్విస్ట్ అడ్రినలిన్‌కు ఆల్ఫా, బీటా అని రెండు రకాల రిసెప్టర్లున్నాయని రాస్తే ఔషధశాస్త్ర పత్రిక ఒకటి తిప్పి పంపింది. వ్యాసం వేరే పత్రికలో వచ్చింది. ఈనాడు బీపీకి, గుండె దడకు వాడే బీటా బ్లాకర్లలోని బీటా ఆయన పెట్టిందే.

సరే, రిసెప్టర్ గుమ్మం దగ్గరే ఉంది. అడ్రినలిన్ గడప దాటదు. మరి లోపలికి కబురు మోసేదెవరు?

క్లీవ్‌లాండ్‌లో ఎర్ల్ సదర్‌లాండ్, థియొడర్ రాల్ ఈ ప్రశ్నకు కాలేయాన్ని రుబ్బి జవాబు వెతికారు. కణం చెక్కుచెదరకుండా ఉంటేనే హార్మోన్లు పనిచేస్తాయని నమ్మే రోజులవి. రుబ్బిన ముద్దలోనూ అడ్రినలిన్ ఫాస్ఫోరిలేజ్‌ను లేపింది. పొరల తునకలున్న మడ్డిని తీసేస్తే మాత్రం ఆగిపోయింది. ఆ మడ్డికి విడిగా హార్మోను కలిపి, మరిగించి, తేటను ఫాస్ఫోరిలేజ్ ఉన్న రసంలో పోస్తే మళ్లీ పని మొదలైంది. అంత వేడికీ చెడలేదంటే అది ప్రోటీను కాదు, ఏదో చిన్న అణువు. ఏటీపీ నుంచి పుట్టే ఆ అణువు పేరు సైక్లిక్ ఏఎంపీ. వీధిలో నిలబడి పిలిచిన చుట్టం అడ్రినలిన్ అయితే, ఆ పిలుపు మోసుకుని ఇంట్లోకి పరిగెత్తే కుర్రాడు ఇది. సదర్‌లాండ్ దీన్ని రెండో దూత అన్నాడు. 1971లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ కుర్రాడు లోపల ముందుగా ఎవరిని తట్టి లేపుతాడన్నది 1968లో క్రెబ్స్ బృందం తేల్చింది. అది ప్రోటీన్లకు ఫాస్ఫేట్లు తగిలించే ఒక కైనేజ్.

అయినా గుమ్మానికీ కుర్రాడికీ మధ్య ఒక ఖాళీ మిగిలింది. బెథెస్డాలోని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మార్టిన్ రాడ్‌బెల్ కాలేయపు పొరలకు గ్లూకగాన్ అనే హార్మోను ఎలా అతుక్కుంటుందో చూస్తున్నాడు. ఏటీపీ వేస్తే హార్మోను త్వరగా విడిపోతోంది. కానీ అందుకు ఏటీపీ చాలా వేయాల్సి వస్తోంది. ఆయనకు అనుమానం వచ్చింది. నిజానికి కొనుక్కొచ్చిన ఏటీపీ స్వచ్ఛమైనది కాదు, దాని దాయాది జీటీపీ అందులో కాస్త కలిసి ఉంది. జీటీపీనే విడిగా వేస్తే చిటికెడు చాలింది. 1971లో ఈ సంగతి అచ్చయింది. రిసెప్టర్‌కూ సైక్లిక్ ఏఎంపీ తయారుచేసే ఎంజైముకూ నడుమ జీటీపీతో నడిచే మధ్యవర్తి ఉందని రాడ్‌బెల్ వాదించాడు. దాన్ని పట్టి చూపించడం ఆయన వల్ల కాలేదు.

పట్టుకున్నది ఆల్‌ఫ్రెడ్ గుడ్‌మన్ గిల్మన్. వైద్య విద్యార్థులు మోయలేక మోసే ఔషధశాస్త్ర గ్రంథం గుడ్‌మన్ అండ్ గిల్మన్ రచయితల్లో ఒకరు ఆయన తండ్రి. ఇంకొకరి పేరే కొడుకు పేరు నడుమ కూర్చుంది! వర్జీనియా విశ్వవిద్యాలయంలో గిల్మన్, ఎలియట్ రాస్ చేతికి ఎలుక లింఫోమా కణాల్లో పుట్టిన ఒక వికృత రకం వచ్చింది. సైక్లిక్ ఏఎంపీ తయారుచేసే ఎంజైమే వాటిలో లేదని అందరూ అనుకుని అలాగే పేరు పెట్టారు. మామూలు కణాల నుంచి తీసిన సారాన్ని ఈ కణాల పొరలకు కలిపితే హార్మోనుకు జవాబు తిరిగి వచ్చింది. ఇంతవరకు అనుకున్నట్టే ఉంది. పోలిక కోసం, ఆ సారాన్ని వేడిచేసి అందులోని ఎంజైమును చంపేసి కలిపారు. అప్పుడూ జవాబు వచ్చింది! అంటే ఎంజైము ఆ వికృత కణాల్లో మొదటి నుంచీ ఉంది. లేనిది మరో ప్రోటీను. అదే రాడ్‌బెల్ చెప్పిన మధ్యవర్తి. 1980లో దాన్ని శుద్ధి చేశారు, పేరు జీ ప్రోటీన్. రిసెప్టర్ తట్టగానే ఇది జీటీపీని పట్టుకుని మేలుకుంటుంది, వెళ్లి ఎంజైమును నడిపిస్తుంది, కాసేపటికి జీటీపీని తానే కోసుకుని నిద్రలోకి జారుతుంది. 1994 నోబెల్ రాడ్‌బెల్, గిల్మన్‌లకు దక్కింది.

ఆ కోత ఆగిపోతే ఏమవుతుందో కలరా చూసిన ఊళ్లకు తెలుసు. కలరా క్రిమి వదిలే విషం పేగు గోడలోని జీ ప్రోటీన్‌ను పట్టుకుని నిద్రపోనివ్వదు. సైక్లిక్ ఏఎంపీ పెరుగుతూనే పోతుంది. క్లోరైడు పేగులోకి తోసుకొస్తుంది, దాని వెంట సోడియం, నీరు. ఆ విషం ఉందని కుందేళ్ల పేగుల్లో చూపించింది కలకత్తాలో శంభునాథ్ దే, 1959లో. అప్పటికి జీ ప్రోటీన్ మాటే ఎవరూ వినలేదు. దేకు నోబెల్ రాకపోవడం ఆ బహుమతికే లోటు.

మరో దారి కాలిఫోర్నియాలో బయటపడింది. ఫాస్ఫేటు తగిలేది సెరీన్, థ్రెయొనీన్ అనే అమైనో ఆమ్లాలకేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 1979లో, సాల్క్ సంస్థలో టోనీ హంటర్ వైరస్ క్యాన్సర్ ప్రోటీన్లను పరీక్షిస్తున్నాడు. కొత్త ద్రావణం కలపడానికి బద్ధకించి పాతదే మళ్లీ వాడాడు. వాడగా వాడగా దాని ఆమ్లత్వం కొద్దిగా పెరిగింది. ఎప్పుడూ ఒకే మచ్చగా కనిపించేది రెండుగా విడిపోయింది. కొత్త మచ్చ టైరొసీన్‌ది. మరుసటి ఏడాదే స్టాన్లీ కోహెన్ బృందం, కణాల పెరుగుదలను పురికొల్పే రిసెప్టర్ తానే టైరొసీన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుందని చూపింది. ఇన్సులిన్ రిసెప్టర్‌దీ ఇదే జాతి. ఇక్కడ మధ్యవర్తి అక్కర్లేదు, గుమ్మమే లోపలికి చేయి చాపుతుంది.

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్‌లో కణం లోపలి టైరొసీన్ కైనేజ్ ఒకటి ఆగకుండా నడుస్తుంది. దాన్ని ఆపే ఇమాటినిబ్ అనే మందుకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెలకు లక్ష రూపాయలు దాటిన ఆ వైద్యాన్ని చాలా తక్కువ ధరకు అందించిన భారతీయ కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఒకటి. ఆ మందును తెచ్చిన నోవార్టిస్ కంపెనీ పేటెంట్ పోరాటాన్ని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

రిసెప్టర్ రూపాన్ని కళ్లారా చూడటానికి ఇంకో తరం పట్టింది. డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెఫ్కొవిట్జ్ బృందం 1986లో బీటా రిసెప్టర్ జన్యువును చదివితే, అది కంట్లో వెలుగును పట్టే రొడాప్సిన్‌కు తోబుట్టువని తేలింది. రెండూ పొరను ఏడుసార్లు దాటుతాయి. ఆ బృందంలో పెరిగిన బ్రయన్ కోబిల్కా, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో, రిసెప్టర్‌నూ జీ ప్రోటీన్‌నూ పట్టుకున్నవి పట్టుకున్నట్టే స్ఫటికంగా మార్చాలని పట్టుబట్టాడు. ఈసారి మలినం ఏ సాయమూ చేయలేదు. ఆ జంట క్షణం నిలవదు, విడిపోతుంది. చివరికి బెల్జియం శాస్త్రవేత్తలు లామా అనే జంతువులో పుట్టించిన బుల్లి యాంటీబాడీ ఒకటి ఆ రెంటినీ కదలకుండా బిగించి పట్టుకుంది. 2011లో బయటికొచ్చిన ఆ చిత్రంలో రిసెప్టర్, జీ ప్రోటీన్, పక్కనే లామా యాంటీబాడీ ముగ్గురూ ఉన్నారు.