ఆదాయమూ, వివాహమూ

ఉగాదినాడు పంచాంగశ్రవణానికి కూర్చున్నవారు ముఖ్యంగా రెండు సంగతులు చెవియొగ్గి వింటారు. మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అనేది ఒకటి. ఈ యేడు పెండ్లి ముహూర్తాలు ఎప్పుడున్నవి అనేది రెండవది. కూలి లెక్క, పెండ్లి లెక్క మన దేశచరిత్రలో కూడ ఒకదానితో ఒకటి పెనవేసుకొనే నడిచినవి. బెంగళూరులో కాపురమున్న మనము పండుగపూట ఆ సంగతి ఒకసారి తలచుకొనుట తగని పని కాదనుకొంటాము.

మొదట పెండ్లి మాట. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కం 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయినది. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేండ్లలో జరిగిన శుల్క వివాహాలను లెక్క కట్టించగా 1,034 తేలినవని గురజాడవారి పీఠికలో ఉన్నది. ఆడపిల్లకు వెలకట్టిన రోజులవి. ఆ కాలంలోనే, అనగా 1894లో, మైసూరు సంస్థానం ఒక శాసనం చేసినది. ఎనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి కూడదు. యాభై దాటిన పురుషుడు పదునాలుగేండ్ల లోపు పిల్లను చేసుకొనరాదు. లుబ్ధావధాన్లు మైసూరు రాజ్యంలో పెండ్లి తలపెట్టి ఉంటే, పురోహితునికంటె ముందు పోలీసువారు వచ్చి ఉండేవారు! బ్రిటిషిండియాలో శారదా చట్టం 1929లోగాని రాలేదు. కులమతాలు అడ్డురాకుండా, మతం విడిచితినని చెప్పనక్కరలేకుండా పెండ్లాడుటకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం దారి చూపినది.

ఇక కూలి మాట. కనీస వేతనాల చట్టం 1948లో వచ్చినది. కనీసమంటే ఎంత అన్న ప్రశ్నకు 1957 నాటి పదునైదవ భారత కార్మిక మహాసభ జవాబు చెప్పినది. సంపాదించేవాడొకడు, తినేవారు మూడు పెద్దభాగాలకు సమానం. నలుగురి కుటుంబానికి యేటికి 72 గజాల గుడ్డ. ఇంటి అద్దె, వంటచెరకు, దీపం. మంచి లెక్కే. కాని ఆడవారి సంపాదనను ఇందులో చేర్చరాదన్నారు. ఒక్కని కూలితోనే ఇల్లు గడవాలన్న సదుద్దేశమది. ఐతే ఇంటి భారం మోసేది ఆడదే అయినప్పుడేమి గతి? ఆమె కూలి చిల్లర కూలి అన్న భావం మన సంఘంలో అట్లాగే నిలిచిపోయినది.

ఇందుకు సాక్ష్యం దూరం పోనక్కరలేదు. ఢిల్లీలో ఆసియా క్రీడలకు భవనాలు కట్టినప్పుడు కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. ఆడకూలీల చేతికి వచ్చినది 7 రూపాయలే. మిగిలినది జమాదారులు మింగినారన్నది ఆనాడు కోర్టుకెక్కిన ఫిర్యాదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చి ఉన్నది సుమండీ! కనీస వేతనానికి తక్కువ ఇచ్చి చేయించుకొనే పని వెట్టిచాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనంతపురం నుంచీ, పాలమూరు నుంచీ వచ్చి ఈ నగరంలో ఇటుకలు మోసే మన ఆడపడుచులకు ఆ తీర్పు కంటె పెద్ద ఆశీర్వచనం లేదు.

1948 చట్టం స్థానంలో 2019 నాటి వేతన స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. దానికై 2020లో వెలువడిన ముసాయిదా నియమాలలో కార్మికునితోపాటు లెక్కించినది జీవిత భాగస్వామిని, ఇద్దరు పిల్లలను. మాట చిన్నదే, అందులో పనిచేసే స్త్రీకి కూడ చోటున్నది.

ఆ భాగస్వామి ఎవరు కావచ్చును? ఒకే లింగానికి చెందిన ఇద్దరు పెండ్లాడవచ్చునా అన్న వివాదంలో 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ హక్కును ఒప్పుకొనలేదు. నిర్ణయం చట్టసభలదే అన్నది. ఈ విషయం మన పెద్దలలో పలువురికి మింగుడుపడదని ఎరుగుదుము. మాలోనూ ఏకాభిప్రాయం లేదు. అయినను మాలో ఎక్కువమందికి తోచినది చెప్పుతాము. గుడి ఆచారం గుడిది, ఇంటి సంప్రదాయం ఇంటిది. కాని ఆసుపత్రిలో సంతకం, పింఛను, వారసత్వం అనేవి రాజ్యం పంచే హక్కులు. కలిసి బ్రతికి, కలిసి కష్టపడిన ఇద్దరికి వాటిని కాదనుట న్యాయమనిపించదు. 1954లో తెరచిన తలుపును పార్లమెంటు మరికొంచెం తెరవవచ్చును.

చివరిగా మన ఇంటి సంగతి. ఇంటిపని చేసేవారికి కర్ణాటక ప్రభుత్వం 2004లోనే కనీస వేతనం నిర్ణయించినది. మనలో ఎందరము ఆ సంగతి ఎరుగుదుము? పండుగనాడు పనిమనిషికి బొబ్బట్లు పెట్టడం మంచిదే. రేటు కనుక్కొని పూర్తి కూలి ఇచ్చి, పండుగకు సెలవు కూడ ఇస్తే, ఆమె ఇంట కూడ ఉగాది అవుతుంది.