తెలంగా : ఒక జాతి పేరు, ఒక విద్య పేరు

ఇచ్చట ఒడిశాలో ఇరుగుపొరుగువారు మనలను 'తెలెంగా' యని పిలుచుట మనకందరకు అనుభవమే. కొందరికది చిన్నతనముగా తోచును. అదే పేరు ఒకప్పుడు ఉత్తర హిందూస్థానమున కవాతు నేర్చిన తుపాకి సిపాయికి బిరుదువలె చెల్లినది. ఆ కథను ఈ ఉగాది సంచికలో సోదరీసోదరులకు మనవి చేయుచున్నాము.

1746లో అడయారు నది యొద్ద ఫ్రెంచివారి చిన్న దండు ఆర్కాటు నవాబు పెద్ద సేనను చెదరగొట్టెను. నవాబు పక్షమున తుపాకులకు కొదువ లేదు, శూరులకును కొదువ లేదు. లేనిది కవాతు. 1748లో మేజరు స్ట్రింజరు లారెన్సు వచ్చిన పిమ్మట ఇంగ్లీషువారును తమ సిపాయిలకు పద్ధతిగా తరిఫీదు నీయసాగిరి.

ఆ తరిఫీదు ఎట్టిది? పాత వత్తి తుపాకిని నిప్పువత్తితో అంటింపవలెను. ఆ నిప్పు పక్కవాని మందుసంచికి తగులకుండ ఎడముగా నిలువవలెను. ఎవరి గురి వారిదే. చెకుముకి తుపాకి వచ్చిన తరువాత భుజము భుజము కలిపి నిలుచుటకు వీలయ్యెను. అయితే నూరు గజములు దాటిన దాని గురి నమ్మరాదు. కనుక ఒక్కని గురికంటె అందరి గుండ్లు ఒక్కుమ్మడిగా పోవుట ముఖ్యమయ్యెను.

తూటా కాగితము కొరుకుట, రంజకపు గిన్నెలో మందు వేయుట, గొట్టములో మందును గుండును వేయుట, కడ్డీతో కూరుట, గుర్రము ఎత్తుట, ఆజ్ఞ వినగానే కాల్చుట. పనిని ఇట్లు ముక్కలు చేసి, ఒక్కొక్కటి చేతికి అలవడువరకు చేయించెడివారు. ఈ పద్ధతికి మూలము ఐరోపాలో కలదు. 1607లో హాలండులో జాకబ్ డి గేన్ అను చిత్రకారుడు ఆయుధములు పట్టు తీరులను 117 బొమ్మలలో అచ్చొత్తించెను. చక్కగా నేర్చినవాడు నిమిషమునకు రెండు మూడు మారులు కాల్చగలిగెడివాడు.

వత్తి తుపాకి ఎరిగినవానికి మందు తడియకుండ కాపాడుట, తుపాకి తుడుచుట, కాల్చినపుడు దాని తాకిడికి భుజము నిలుపుట ముందే తెలియును. ఆ నేర్పు వెంట వచ్చెను. తన ఇష్టము వచ్చినపుడు కాల్చు అలవాటు మాత్రము విడువవలసి వచ్చెను. మా రైల్వేలోను ఇంతే. ఒక స్టేషనులో నేర్చిన పని మరియొకచోట అక్కరకు వచ్చును, కాని అచ్చటి నియమములు కొత్తగా నేర్వవలెను.

1756 అక్టోబరులో క్లైవు సుమారు 900 మంది తెల్లవారిని, 1,500 మంది సిపాయిలను మదరాసునుండి ఓడలలో బంగాళమునకు గొనిపోయెను. ఆ సిపాయిలందరును తెలుగువారు కారు. అయినను ఆ దేశమున ఇట్టి సిపాయికి 'తెలంగా' యను పేరు నిలిచెను. 1757లో క్లైవు అచ్చటివారినే చేర్చుకొని 'లాల్ పల్టన్'ను నిలిపెను. విద్య చేతులు మారినది, పేరు మాత్రము మారలేదు.

1784లో సింధియా కొలువులో చేరిన డి బోయిన్ తరువాత నిర్మించిన సేనలో మస్కెట్టు, బాయ్‌నెట్టు పట్టిన పటాలములు 'తెలంగాలు', వత్తి తుపాకులవారు 'నజీబులు'. ఆ తెలంగాలలో పెక్కురు ఉత్తరాదివారే. 1857లో ఢిల్లీ పౌరులు తిరుగుబాటు సిపాయిలను పిలిచినదియు 'తిలంగా'లనియే.

ఇంతటి పేరున్నను, 1881 మొదలు 1885 వరకు మదరాసు సేనాధిపతిగా నుండిన రాబర్ట్సు దొర దక్షిణాదివారు యుద్ధమునకు తగినవారు కారని తలచెను. కొన్ని జాతులే వీరజాతులను ఆ సిద్ధాంతము ప్రబలిన కొలది సైన్యమున తెలుగువారికి చోటు తగ్గెను. యుద్ధవిద్య రక్తములో నున్నచో, తెలుగు నేల మెట్టనివాడు 'తెలంగా' ఎట్లయ్యెను?

ఆ విద్య కుంపిణీవారికి ఊడిగము చేసి దేశమును పరాధీనము చేయుటకు తోడ్పడెనన్న మాటయు మరువరాదు. కనుక ఆ యుద్ధములకు గర్వింపుమని మేము చెప్పము. నేర్పువాడును, ఓపికతో నేర్చువాడును ఉన్నచో ఏ విద్యయు ఏ ఒక్క జాతి సొత్తు కాదని మాత్రము చెప్పుచున్నాము. రేపు బడిలో తోటిపిల్లలు 'తెలెంగా' యన్నపుడు మన బిడ్డలు తల వంచుకొననక్కరలేదు. ఈ కథ వారికి చెప్పుడు.