పీటర్ కయోటీ

పీటర్ కయోటీ అమెరికన్ సినీ నటుడు, రచయిత, డాక్యుమెంటరీ వ్యాఖ్యాత. అసలు పేరు రాబర్ట్ పీటర్ కోహన్. 1941 అక్టోబరు 10న న్యూయార్క్‌లో పుట్టి, పక్కనే ఉన్న న్యూజెర్సీలో పెరిగారు. అమెరికన్లలో చాలామందికి ఆయన ముఖం కన్నా గొంతే ఎక్కువ పరిచయం.

అయోవాలోని గ్రిన్నెల్ కాలేజీలో చదువుతున్నప్పుడే తోటి విద్యార్థులతో వాషింగ్టన్ వెళ్లి, అణ్వస్త్రాలకు వ్యతిరేకంగా వైట్‌హౌస్ దగ్గర నిరాహార దీక్ష చేశారు. 1964లో పట్టా చేతికొచ్చాక పైచదువుకని శాన్‌ఫ్రాన్సిస్కో చేరారు. అక్కడ మైమ్ ట్రూప్ అనే సంస్థ ఆయన్ని లాక్కుంది. పేరు చూసి మూకాభినయం అనుకోకూడదు. పార్కుల్లో వేదిక కట్టి వర్ణ వివక్షనూ, వియత్నాం యుద్ధాన్నీ ఉతికి ఆరేసిన రాజకీయ నాటక బృందమది.

అందులోంచి బయటికొచ్చిన కొందరు 1966లో ‘డిగ్గర్స్’ అనే బృందాన్ని మొదలుపెట్టారు. కయోటీ వారిలో ముఖ్యులు. హిప్పీల అడ్డా అయిన హైట్-ఆష్‌బరీలో, పాన్‌హ్యాండిల్ పార్కు దగ్గర పెద్ద పెద్ద పాల క్యాన్లలో వేడి వేడి ఆహారం తెచ్చి, వచ్చినవాళ్లందరికీ ఉచితంగా పెట్టేవారు. తినాలంటే ఒకటే షరతు. పసుపు రంగు పూసిన పెద్ద చెక్క చట్రం ఒకటి నిలబెట్టి ఉండేది, అందులోంచి దాటి రావాలి. లోకాన్ని మరో కోణంలోంచి చూడమనడమే దాని ఉద్దేశం. వాళ్ల దుకాణంలో ఏ వస్తువుకీ ధర ఉండేది కాదు. ఇది దానధర్మం కాదు. డబ్బు ప్రమేయం లేకుండా మనుషులు ఎలా బతకగలరో వీధిలోనే ఆడి చూపిన నాటకం.

ఆ స్వేచ్ఛకు మాదకద్రవ్యాల రూపంలో మూల్యమూ చెల్లించారు. ఆ సంగతి 1998లో వచ్చిన ఆత్మకథ ‘స్లీపింగ్ వేర్ ఐ ఫాల్’లో దాపరికం లేకుండా రాసుకున్నారు.

1975లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఆయన్ని కాలిఫోర్నియా కళా మండలికి నియమించారు. తర్వాత దానికి అధ్యక్షులయ్యారు. ఆ ఏళ్లలో మండలి బడ్జెట్ 10 లక్షల డాలర్ల నుంచి పది రెట్లకు పైగా పెరిగింది.

సినిమాల్లోకి వచ్చేసరికి నలభైకి దగ్గరపడ్డారు. 1982లో స్పీల్‌బర్గ్ తీసిన ‘ఇ.టి.’తో ప్రపంచానికి తెలిశారు. ఆ సినిమాలో చాలాసేపు ఆయన ముఖం కనబడదు, నడుముకు వేలాడే తాళాల గుత్తే కనిపిస్తుంది. కథలోని పిల్లాడి భయమంతా ఆ తాళాల చప్పుడులో ఉంది. తర్వాత ‘జాగ్డ్ ఎడ్జ్’, పొలాన్‌స్కీ ‘బిటర్ మూన్’, అల్మొడోవర్ ‘కీకా’, ‘ఎరిన్ బ్రాకొవిచ్’ వచ్చాయి.

అయినా ఆయన అసలు సంపద గొంతే. ‘ద పసిఫిక్ సెంచరీ’ డాక్యుమెంటరీ వ్యాఖ్యానానికి 1992లో ఎమ్మీ పురస్కారం వచ్చింది. 1996లో ‘ద వెస్ట్’కు గొంతునిచ్చాక, డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ తీసిన ‘ద నేషనల్ పార్క్స్’, ‘ప్రొహిబిషన్’, ‘ద డస్ట్ బౌల్’, ‘కంట్రీ మ్యూజిక్’ చిత్రాలకూ ఆయనే వ్యాఖ్యాత. ‘ద రూజ్‌వెల్ట్స్’కు 2015లో మరో ఎమ్మీ దక్కింది. ఆ మధ్యలోనే, 2011లో, జెన్ బౌద్ధ పూజారిగా దీక్ష తీసుకున్నారు.

ఆ గొంతులో తొందర ఉండదు, తీర్పు ఉండదు. ఆయన వ్యాఖ్యానించిన 2017 నాటి డాక్యుమెంటరీ ‘ద వియత్నాం వార్’ 10 భాగాలు, 18 గంటలు. ఒకప్పుడు ఆ యుద్ధాన్ని వ్యతిరేకించిన మనిషే అందులో సైనికుల కథనూ, నిరసనకారుల కథనూ ఒకే గౌరవంతో చెబుతారు. కయోటీ పనితనం తెలుసుకోవాలనుకునేవారు ముందుగా చూడాల్సింది అదే.