గ్యాస్ మంటలు ఆపుతామన్న ఆయిల్ కంపెనీలు.. మాట తప్పితే ఏంటి?

చమురు బావి నుంచి క్రూడాయిల్‌తో పాటు గ్యాస్ కూడా పైకొస్తుంది. దాన్ని పట్టి వాడుకోవాలంటే పైపులైన్లు, ప్లాంట్లు కావాలి. ఆ ఖర్చెందుకని చాలా దేశాల్లో అక్కడే తగలబెట్టేస్తారు. దీన్నే గ్యాస్ ఫ్లేరింగ్ అంటారు.

2030 నాటికి రొటీన్ ఫ్లేరింగ్ పూర్తిగా ఆపాలంటూ 2015లో ప్రపంచబ్యాంకు, ఐక్యరాజ్యసమితి ఓ కార్యక్రమం మొదలుపెట్టాయి. ప్రభుత్వాలు, ఆయిల్ కంపెనీలు ఒప్పుకున్నాయి. ఏటా లెక్కలు బయటపెడతామన్నాయి. కానీ ఇదంతా స్వచ్ఛందమే. మాట తప్పితే జరిమానా లేదు.

ఫలితం? 2024లో ప్రపంచవ్యాప్తంగా తగలబెట్టిన గ్యాస్ సుమారు 15,100 కోట్ల ఘనపు మీటర్లు. 2007 తర్వాత ఇదే అత్యధికం.

మరి చట్టం చేస్తే ఆగుతుందా? నైజీరియాలో అదీ చేసి చూశారు. 1984 నుంచి అనుమతి లేకుండా ఫ్లేరింగ్ చేయొద్దని 1979లోనే చట్టం తెచ్చారు. మినహాయింపులు, నామమాత్రపు ఫైన్లతో అది నీరుగారింది. ఊళ్ల పక్కన మంటలు ప్రజల జీవించే హక్కుకు విరుద్ధమని 2005లో అక్కడి ఫెడరల్ హైకోర్టు తీర్పిచ్చింది. అయినా నైజర్ డెల్టాలో మంటలు ఆరలేదు.

ఇప్పుడు ఉపగ్రహాలు ఈ మంటల్ని పైనుంచే పట్టేస్తున్నాయి. కంపెనీల లెక్కల్ని వాటితో సరిచూడొచ్చు. ఆ లెక్క పట్టుకుని గట్టిగా ఫైన్ వేసే ప్రభుత్వం ఉంటేనే స్వచ్ఛంద హామీకి విలువ.