చిట్టెం చెప్పే లెక్క

ఇనుము కరిగించినప్పుడు పైకి తేలే మడ్డిని మనవాళ్ళు చిట్టెం అన్నారు. పాతబడిన చిట్టేన్ని ఆయుర్వేదం మండూరమంటుంది. నూరేళ్ళు దాటినదైతే మరీ శ్రేష్ఠమట. లోహశాస్త్రం చదివి సాఫ్ట్‌వేర్‌తో పొట్టపోసుకుంటున్న నాకు ఉక్కు చరిత్ర కంటే ఈ చిట్టెం చరిత్రే ఆసక్తిగా ఉంటుంది.

1856లో హెన్రీ బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది ఉక్కు చేసే పద్ధతిని ప్రకటించాడు. కర్బనం, సిలికాన్ కాలిపోయాయి కాని భాస్వరం కదల్లేదు. భాస్వరమున్న ఉక్కు చలికి పెళుసెక్కి విరుగుతుంది. ఈ చిక్కు విప్పినవాడు లండన్‌లో ఒక పోలీసు కోర్టు గుమాస్తా, సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్. పగలు కోర్టు పని, సాయంత్రం రసాయనశాస్త్రం తరగతులు. కొలిమి లోపలి ఇటుకలది ఆమ్ల గుణం. భాస్వరం కాలితే వచ్చేదీ ఆమ్లమే. ఆమ్లాన్ని పట్టుకోవాలంటే క్షారం కావాలి కదా! అందుకని లోపల క్షార గుణమున్న ఇటుకలు పేర్చి, సున్నం వేశాడు. భాస్వరం చిట్టెంలోకి చేరింది. బంధువూ రసాయనికుడూ అయిన పెర్సీ గిల్‌క్రిస్ట్ సాయంతో 1879లో మిడిల్స్‌బరోలో దీన్ని చేసి చూపించారు. భాస్వరం నిండిన ఆ చిట్టెం పొడి పొలాలకు ఎరువైంది. 1885లో, 34 ఏళ్ళకే థామస్ పోయాడు.

అప్పటి నుంచి ఉక్కు బాగుండాలంటే చిట్టెం కుదరాలి. నేటి ఆక్సిజన్ కొలుముల్లో సున్నం సిలికాకు సుమారు మూడు రెట్లు ఉండాలి. తగ్గితే భాస్వరం ఉక్కులోనే ఉండిపోతుంది, ఇటుకలూ అరిగిపోతాయి. పెరిగితే సున్నం కరగక దండగ. మరి కొలవడమెలా? ఆమ్లంలో కరిగించి, వడకట్టి, కాల్చి, తూచేసరికి గంటలు పట్టేది. ఈలోగా ఆ ఉక్కు పోతపోయడమూ అయిపోయేది.

దారి చూపింది హెన్రీ మోజ్లీ. ఎక్స్-కిరణం పరమాణువు లోపలి ఎలక్ట్రానును తన్నేస్తే, పైనున్నది ఆ ఖాళీలోకి దిగుతూ మరో ఎక్స్-కిరణాన్ని వదులుతుంది. దాని శక్తి మూలకాన్ని బట్టి ఉంటుంది: కాల్షియానికి 3.69, ఇనుముకు 6.40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ కిరణాలకూ అణుసంఖ్యకూ ఉన్న లెక్కను 1913లో మాంచెస్టర్‌లో మోజ్లీ తేల్చాడు. రెండేళ్ళకు, 1915 ఆగస్టు 10న, గల్లిపోలి యుద్ధంలో తూటాకు బలయ్యాడు. వయసు 27.

పొడి చేసిన చిట్టెంలో రేణువుల పరిమాణం కొలతను తప్పుదారి పట్టిస్తుంది. 1956లో కెనడాలోని క్విబెక్‌లో ఫెర్నాండ్ క్లెయిస్, పొడిని బోరాక్స్‌తో కలిపి కరిగించి గాజుబిళ్ళగా పోసే ఉపాయం చెప్పాడు. నేడు లిథియం బోరేటు వాడతారు. బిళ్ళ సిద్ధమైతే నిమిషాల్లో ఫలితం చేతికొస్తుంది.

ఈ పరీక్ష అన్నీ చెప్పదు. కాల్షియం ఎంతో చెబుతుంది. సున్నం కలిసిపోయిందా, విడిగా మిగిలిందా చెప్పదు. విడి సున్నం తడిస్తే ఉబ్బి, పైన వేసిన రోడ్డును పగలగొడుతుంది. అందుకు వేరే పరీక్ష చెయ్యాలి.

1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని మన పెద్దలు ఉద్యమించి సాధించుకున్న కర్మాగారంలోనూ ఆక్సిజన్ కొలుములే ఉన్నాయి. అక్కడా సున్నమే భాస్వరాన్ని పట్టుకుంటుంది. రాత్రి బడిలో చదివిన గుమాస్తా గురించీ, యుద్ధం మింగేసిన ఆ కుర్రవాడి గురించీ మన పిల్లలకు మనమే చెప్పాలి.