తిరిగివచ్చినవారి నగరం: 1897 బొంబాయి ప్లేగు, ప్రయాణ ఆంక్షలు

1897 వేసవి ముగిసి తొలకరి మొదలయ్యే వేళకు బొంబాయి నగరం మళ్ళీ నిండసాగింది. అంతకు కొద్ది నెలల ముందు, ఫిబ్రవరి నాటికి, నగరవాసులలో దాదాపు సగం మంది ఇళ్ళకు తాళాలు వేసుకొని వెళ్ళిపోయారు. 1891 జనాభా లెక్కల ప్రకారం 8,21,764 మంది ఉన్న మహానగరంలో వీథులకు వీథులే నిర్మానుష్యమయ్యాయి. ప్లేగు భయంతో జరిగిన ఆ వలసను గురించి చరిత్ర గ్రంథాలలో విస్తారమైన వర్ణనలున్నాయి. అలా వెళ్ళినవారు తిరిగిరావడానికి ఆ వర్ణనలలో దక్కిన చోటు స్వల్పం. నిజానికి మహమ్మారి కాలంలో ప్రభుత్వాలు విధించే ప్రయాణ ఆంక్షల స్వరూపం వెళ్ళేవారి కంటే తిరిగివచ్చేవారికే బాగా తెలిసివస్తుంది. తాను ఏళ్ళతరబడి నివసించిన నగరమే తన్ను పరాయివానిగా నిలబెట్టి పరీక్షించడం వారికి కొత్త అనుభవం. పైగా అదే నగరానికి వారి శ్రమతో అవసరం ఉంది. ఈ రెండింటి నడుమ 1897లో ఏమి జరిగిందన్నది పరిశీలింపదగిన విషయం.

వ్యాధి మొదట బయటపడింది రేవును ఆనుకొని ఉన్న మాండ్వి పేటలో. అది ధాన్యపు గోదాముల పేట. గోవా మూలాలు గల వైద్యుడు, నగరపాలక సంస్థ సభ్యుడు డాక్టర్ అకాసియో గాబ్రియేల్ వీగాస్ 1896 సెప్టెంబరులో దానిని ప్లేగుగా గుర్తించి ప్రకటించాడు. మొదట కొందరు అధికారులు నమ్మలేదు. నవంబరు, డిసెంబరు నెలలు వచ్చేసరికి నమ్మక తప్పలేదు. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం అమలులోకి వచ్చింది. నాలుగే సెక్షన్లున్న చిన్న చట్టమది. రైలులోగాని, మరే మార్గంలోగాని ప్రయాణించేవారిని తనిఖీ చేయడానికి, వ్యాధి సోకిందని అనుమానం కలిగినవారిని ఆసుపత్రులలోనో తాత్కాలిక వసతులలోనో వేరుగా ఉంచడానికి అది అధికారమిచ్చింది. ఉల్లంఘించినవారికి శిక్షాస్మృతి 188వ సెక్షను కింద శిక్ష. చట్టాన్ని అమలుపరచినవారిపై వ్యాజ్యం వేసే వీలు లేదు. ఐరోపా రేవులు భారతీయ నౌకలకు తలుపులు మూస్తాయేమోనన్న భయమూ ఈ తొందరకు ఒక కారణం. ఆ ఏడాది వెనిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశంలో చర్చంతా దాని చుట్టే తిరిగింది. అదే సంవత్సరం బొంబాయి, కరాచీ రేవుల నుంచి హజ్ యాత్రను నిలిపివేశారు.

ఇంతకూ బొంబాయిని విడిచిపోయినవారు ఎవరు? ఆ నగరంలో పుట్టి పెరిగినవారు తక్కువ. రత్నగిరి, సతారా జిల్లాల నుంచి వచ్చిన మిల్లు కార్మికులు, కచ్ఛీ, గుజరాతీ వర్తకులు, ఉత్తరాది నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్ళు, ఇటువంటి వారితో నిండిన నగరమది. తెలుగువారూ ఉన్నారు. నిజాము రాజ్యం నుంచి వెళ్ళిన కట్టడపు కూలీలను అక్కడ కామాఠీలని పిలిచేవారు. వారు స్థిరపడిన పేటకే కామాఠీపుర అని పేరు వచ్చింది. తరువాతి కాలంలో ఆ పేరుకు అంటిన అపకీర్తి వేరు. మొదట అది రాళ్ళు మోసి, గోడలు లేపినవారి పేట. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం స్థాపించిన నగరమూ, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించిన నగరమూ ఇదే. వీరందరికీ ఊరొకటి, నగరమొకటి. పుట్టినది ఒకచోట, బ్రతికినది మరొకచోట. రోగం వచ్చినప్పుడు ఊరికి పోవడం, తగ్గినప్పుడు నగరానికి రావడం వారికి సహజంగా తోచింది. చట్టం దృష్టిలో మాత్రం ఆ రెండు ప్రయాణాలూ అనుమానాస్పదమైనవే.

రైల్వే తనిఖీ ఏ విధంగా జరిగేదో నాటి అధికార నివేదికల వలన స్పష్టంగా తెలుస్తున్నది. నిర్ణీత స్టేషనులో బండి ఆగగానే మూడవ తరగతి ప్రయాణికులందరినీ దింపి ప్లాట్‌ఫారం మీద వరుసగా నిలబెట్టేవారు. వైద్యుడు ఒక్కొక్కరి నాలుక చూసి, నాడి పట్టి, చంకలలోను గజ్జలలోను బిళ్ళలు కట్టాయేమోనని తడిమి చూసేవాడు. జ్వరమున్నా, ముఖం వాడినా, మాట తడబడినా పక్కకు తప్పించి శిబిరానికి పంపేవారు. ఒకరిపై అనుమానం కలిగితే వెంట ఉన్న కుటుంబమంతా ఆగిపోవలసిందే. మూటలు విప్పి బట్టలను ఆవిరిలోనో మందునీటిలోనో శుద్ధి చేసేవారు. మొదటి తరగతి ప్రయాణికులను పెట్టె దిగనక్కరలేకుండానే చూసి పంపేవారు. ఈ భేదం ఎవరి కంటా పడకుండా పోలేదు. నాటి దేశీయ పత్రికలు దీనిని పదేపదే ఎత్తిచూపాయి. స్త్రీలను పురుష వైద్యులు బహిరంగంగా పరీక్షించడంపై తీవ్రమైన ఆగ్రహం వ్యక్తమయ్యాక తెరలు కట్టారు, స్త్రీ వైద్యులను నియమించారు. ఒక విషయం మరువరాదు. ఈ వివరాలన్నీ రాసి ఉంచినది తనిఖీ చేసినవారు. తనిఖీకి నిలబడినవారిలో అక్షరాస్యులే తక్కువ. కామాఠీపురకు తిరిగివచ్చిన పాలమూరు కూలీ ప్లాట్‌ఫారం మీద ఏమనుకున్నాడో చెప్పగల కాగితం ఆ నివేదికల కట్టలలో వెతికినా దొరకదు.

మద్రాసు రాజధానిలో మరొక పద్ధతి అనుసరించారు. వ్యాధి ఉన్న ప్రాంతాల నుంచి వచ్చే ప్రయాణికునికి ప్లేగు పాస్‌పోర్టు అనే చీటీ ఇచ్చేవారు. దానిలో అతని పేరు, బయలుదేరిన చోటు, చేరవలసిన చోటు ఉండేవి. చేరిన తరువాత పది రోజులపాటు అతడు స్థానికాధికారి ఎదుట హాజరై తాను ఆరోగ్యంగా ఉన్నట్లు చూపించుకోవాలి. పది రోజులన్నది వ్యాధి బయటపడడానికి పట్టే గరిష్ఠ కాలమని వెనిస్ సమావేశం అంగీకరించిన లెక్క. శిబిరంలో బంధించడం కంటే ఇది కొంత మెరుగే. అయితే కూలికి పోవలసినవాడు ప్రతి దినం అధికారి గుమ్మం ముందు నిలబడితే ఆనాటి కూలి ఏమవుతుందన్న ప్రశ్న నిబంధనలలో ఎక్కడా కనిపించదు.

తనిఖీలన్నీ దాటి ఇంటికి చేరినవానికి ఇల్లు వెనుకటిలా ఉండేది కాదు. మునిసిపల్ కమిషనర్ పి. సి. హెచ్. స్నో ఆధ్వర్యంలోను, 1897 మార్చిలో బ్రిగేడియర్ జనరల్ గటాకర్ అధ్యక్షతన ఏర్పడిన ప్లేగు సంఘం ఆధ్వర్యంలోను నగరమంతా శుద్ధి కార్యక్రమం సాగింది. మురుగు కాలువలలోకి సముద్రపు నీరు, కార్బాలిక్ ఆమ్లం వదిలారు. గోడలకు సున్నం కొట్టారు. మట్టి నేలలు తవ్వి తీశారు. గాలి, వెలుతురు రావాలని పైకప్పుల పెంకులు తొలగించారు. పాత పరుపులు, చాపలు, గుడ్డలు కాల్చివేశారు. ప్లేగు మరణం సంభవించిన ఇంటి గోడ మీద తేదీతో కూడిన వృత్తం గీశారు. నివాసయోగ్యం కాదని నిర్ణయించిన ఇళ్ళపై మూడు ఇంగ్లీషు అక్షరాలు రాశారు: యు.హెచ్.హెచ్. చదువురాని అద్దెదారుకు ఆ అక్షరాల అర్థం తెలియకపోవచ్చు గాని, తాళం తీసి లోపలికి పోగానే ఆకాశం కనిపిస్తే అర్థం కావడానికి చదువు అక్కరలేదు. మరుసటి సంవత్సరం, అంటే 1898లో, నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడింది. దాని వలన విశాలమైన రహదారులు వచ్చిన మాట వాస్తవం. ఆ రహదారులు పడినచోట ఉన్న ఇరుకు ఇళ్ళలో నివసించినవారిలో ఎందరో మరొక ఇరుకు పేటకు తరలిపోయారన్నదీ అంతే వాస్తవం.

ఇన్ని చిక్కులున్నా జనం ఎందుకు తిరిగివచ్చారు? పొలం పట్టున బ్రతుకు గడవకే వారు మొదట నగరానికి వచ్చారు. అది ప్లేగుతో మారలేదు. 1896-97లో దేశంలో అనేక ప్రాంతాలు కరువులో ఉన్నాయి. నగరం వారిని పిలిచింది కూడా. వలస ముమ్మరమైన నెలలలో బొంబాయి నూలు మిల్లులలో హాజరు పడిపోయింది. అంతవరకు నెల జీతాన్ని మరుసటి నెల సగం గడిచేదాకా నిలిపివుంచడం మిల్లుల ఆనవాయితీ. ఆ బకాయి పోతుందన్న భయంతో కార్మికుడు పని మానలేడు. ప్లేగు ఈ ఆనవాయితీని తలకిందులు చేసింది. కార్మికులు ఏ రోజు కూలి ఆ రోజే కావాలన్నారు, యజమానులు ఇచ్చారు. ఉదయం పూట వీథి మొగలలో ఒక మిల్లు వారికి పోటీగా మరొక మిల్లు వారు ఎక్కువ కూలి పలికి మనుషులను పిలుచుకుపోయిన దృశ్యాలు కనిపించాయి. జనం తిరిగి నిండగానే ఆ రోజుకూలీ పద్ధతిని ఎత్తివేయడానికి యజమానులు పూనుకున్నారు. పారిశుద్ధ్య కార్మికుల విషయంలో పాలకులకు ఇంతకంటే ఎక్కువ భయముండేది. వారు కూడా వెళ్ళిపోతే నగరం ఒక్క వారం నిలవదని కమిషనర్ స్నో గ్రహించాడు. గృహాల తనిఖీలలో కాఠిన్యం చూపడానికి అతడు కొంతకాలం వెనుకాడడంలో ఈ భయం పాత్ర ఉంది.

తిరిగిరావడం ఒక్కసారితో ముగియలేదు. 1897 చివర వ్యాధి మళ్ళీ విజృంభించింది. తరువాతి సంవత్సరాలలోనూ చలికాలంలో హెచ్చి, ఎండలు ముదిరాక తగ్గడం దాని క్రమమయింది. దానితోపాటే నగరం ఖాళీ కావడం, నిండడం కూడా ఋతుధర్మమన్నట్లు మారింది. 1901 మార్చి 1న జరిగిన జనాభా లెక్కలలో బొంబాయి సంఖ్య 7,76,006గా తేలింది. మరణాలతోపాటు, సరిగా ప్లేగు ఋతువులో లెక్క తీయడమూ ఈ తగ్గుదలకు కారణం. 1906లో నగరపాలక సంస్థ స్వయంగా లెక్క తీసినప్పుడు 9,77,822 మంది ఉన్నారు. అయిదేళ్ళలో రెండు లక్షల తేడా అంటే నగరం ఎంతగా వలసవారి రాకపోకల మీద ఆధారపడినదో ఊహించవచ్చు.

నిర్బంధ పద్ధతులపై ప్రతిఘటన తప్పలేదు. 1896 అక్టోబరులో ఆర్థర్ రోడ్ ఆసుపత్రిపై మిల్లు కార్మికులు దాడి చేశారు. పుణెలో ప్లేగు అధికారి రాండ్ 1897 జూన్ 22 రాత్రి చాఫేకర్ సోదరుల చేతిలో తుపాకి దెబ్బ తిన్నాడు. ఆ చరిత్ర సుప్రసిద్ధం. 1898 మార్చి 9న బొంబాయి నేతగాళ్ళ పేటలో ఒక బాలికను పరీక్షించబోగా అల్లరి చెలరేగింది. ఈ సంఘటనల దరిమిలా ప్రభుత్వం క్రమంగా పట్టు సడలించింది. 1898లో నియమితమైన ప్లేగు కమిషన్ విచారణ కూడా నిర్బంధం వలన ఆశించిన ఫలితం రాలేదనే వైపు మొగ్గింది. ఆ ఏడే కరాచీలో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లూయీ సిమోండ్ ఎలుకల ఒంటి మీది ఈగుల ద్వారా ప్లేగు వ్యాపిస్తుందని ప్రయోగపూర్వకంగా చూపాడు. ఆనాటి శాస్త్రలోకం దానిని వెంటనే ఒప్పుకోలేదు. మాండ్వి గోదాముల నుంచి ధాన్యపు బస్తాలు బండ్లకెక్కి దేశమంతా పోతూనే ఉన్నాయి. పరీక్షకు నిలబడినది మాత్రం ప్రధానంగా మనిషే.

తిరిగివచ్చేవానికి కొంత వెసులుబాటు కల్పించినది వాల్డెమార్ హాఫ్‌కిన్ టీకా. 1896 అక్టోబరులో బొంబాయి చేరిన ఆ శాస్త్రవేత్త గ్రాంట్ వైద్య కళాశాలలోని చిన్న గదిలో పనిచేసి, 1897 జనవరి 10న తన ఒంటికే మొదటి మోతాదు ఎక్కించుకున్నాడు. తరువాత టీకా వేయించుకున్నవారికి ధ్రువపత్రాలిచ్చి, ప్రయాణంలో నిర్బంధం నుంచి మినహాయింపులు కల్పించారు. టీకాను నమ్మి వేయించుకున్నవారు కొందరైతే, ఆ కాగితం కోసం వేయించుకున్నవారు మరికొందరు. ఇందులో తప్పుపట్టవలసినది లేదు.

ఆ నాలుగు సెక్షన్ల చట్టమే నూట ఇరవై మూడేళ్ళ తరువాత, 2020 మార్చిలో, కోవిడ్ సందర్భంగా దేశమంతటా మళ్ళీ అమలులోకి వచ్చింది. వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టే నిబంధనలను ఆ ఏప్రిల్‌లో ఆర్డినెన్సు ద్వారా దానికి చేర్చారు. ఇంటి గోడ మీద గీసిన వృత్తానికి బదులు ఈసారి మహారాష్ట్రలో గృహనిర్బంధంలో ఉండవలసినవారి ఎడమచేతి మీద చెరగని సిరాతో ముద్ర వేశారు. పది రోజులు పద్నాలుగయ్యాయి. హైదరాబాదు హాస్టళ్ళు మూతపడగా స్వస్థలాలకు బయలుదేరిన ఆంధ్రప్రదేశ్ యువతీయువకులు మార్చి 25 రాత్రి కృష్ణా జిల్లా గరికపాడు చెక్‌పోస్టు దగ్గర నిలిచిపోయారు. ఒక రాష్ట్రపు పోలీసులు ఇచ్చిన అనుమతిపత్రం రెండవ రాష్ట్రపు సరిహద్దులో చెల్లలేదు. బొంబాయిలో, అంటే నేటి ముంబయిలో, సామాన్య ప్రయాణికులకు చాలాకాలం మూతపడిన లోకల్ రైళ్ళు 2021 ఆగస్టు 15 నుంచి రెండు మోతాదుల టీకా పూర్తయి పద్నాలుగు రోజులు గడిచినవారికి తెరుచుకున్నాయి. హాఫ్‌కిన్ ధ్రువపత్రం పుట్టిన నగరంలోనే ఇది జరగడం గమనార్హం.

వలస కార్మికుల కోసం దేశంలో మొదటి ప్రత్యేక రైలు 2020 మే 1 తెల్లవారుజామున హైదరాబాదు శివారు లింగంపల్లి స్టేషను నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అందులో దాదాపు 1,200 మంది ఉన్నారు. వారిలో అధికులు సంగారెడ్డి జిల్లా కందిలోని భవన నిర్మాణపు కూలీలు. ఆ వారమంతా దేశం చూపు వెళ్ళిపోయేవారి మీదనే ఉంది. ఆ యాసంగిలో తెలంగాణలో వరి విస్తారంగా పండింది. రైసు మిల్లులలో బస్తాలెత్తే హమాలీలు అధికంగా బీహారు వారు. హోలీకి ఊళ్ళకు వెళ్ళి లాక్‌డౌను వలన అక్కడే చిక్కుకుపోయారు. మే 8న బీహారులోని ఖగడియా నుంచి రెండు వందల పైచిలుకు హమాలీలతో ఒక రైలు అదే లింగంపల్లి స్టేషనుకు వచ్చింది. ప్రభుత్వ ప్రతినిధులు వారికి స్వాగతం పలికారు. ప్లాట్‌ఫారం మీద దూరదూరంగా నిలబెట్టి ఒంటి వేడి పరీక్షించి, మాస్కులు ఇచ్చి, మిల్లులున్న జిల్లాలకు బస్సులలో పంపారు.