శ్రీవిల్లిపుత్తూరు సీమ బడుల్లో పంతుళ్ల పనిముట్లు

దక్షిణ తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతాల్లో పంతొమ్మిదో శతాబ్దం చాలా భాగం గడిచేదాకా బడి అంటే ఎవరో ఒకరి ఇంటి అరుగే. తమిళులు దాన్ని తిణ్ణై పళ్ళికూడం అంటారు, తెలుగునాట వీధిబడి అంటారు. రెండు చోట్లా పంతులు చేతిలో ఉన్న సామాను ఒకటే. నేల మీద పరిచిన ఇసుక, తాటాకు, గంటం, అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లల గొంతు. అక్షరం ముందు ఇసుకలో వేలితో దిద్దాలి. చెయ్యి కుదిరాకే ఆకు ఇచ్చేవారు. ఆకు ఖర్చుతో కూడిన వస్తువు, గీసిన గీత చెరగదు. ఇసుక ఎన్ని తప్పులనైనా కడుపులో పెట్టుకుంటుంది.

ఆ బడిలో పాఠ్యపుస్తకమంటూ ఉన్నవి రెండు చువడులు, అంటే తాటాకు పొత్తాలు. అక్షరాలకు అరిచ్చువడి, లెక్కలకు ఎణ్‌చువడి. ఎణ్‌చువడిలో ఎక్కాలతో పాటు భిన్నాలు కూడా ఉండేవి. ఇరవయ్యో వంతు మా, ఎనభయ్యో వంతు కాణి, 320లో ఒక వంతు ముంతిరి. ప్రత్తి, ధాన్యం, భూమి కొలతలతో బతికే ఊళ్లలో ఇవి నోటికి రాకపోతే పిల్లవాడు చదివినట్టు లెక్క కాదు. ఒక్క పంతులు నలభై మందిని నడపాలంటే పెద్ద పిల్లల సాయం కావాలి. అందుకే బాగా వచ్చిన పిల్లవాణ్ణి చట్టాంపిళ్ళైగా నిలబెట్టి, చిన్నవాళ్ల చేత వల్లె వేయించేవారు.

ఈ పద్ధతి సముద్రాలు దాటింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమాన్ని 1789 నుంచి 1796 దాకా నడిపిన ఆండ్రూ బెల్, పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే ఏర్పాటునూ దానికి జోడించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఆ తర్వాత ఇంగ్లండ్ పేదల బడుల్లో అది మద్రాసు పద్ధతి పేరుతో వ్యాపించింది. తెలుగు బడుల సంగతి బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో వివరంగా ఉంది. ఆ జిల్లాలో ఆయన లెక్కించిన 533 బడుల్లో 226 తెలుగువి. ఈ వివరాలు అడిగించినవాడు గవర్నరు థామస్ మన్రో. 1822లో ఆయన ఇచ్చిన ఆదేశం మీద జిల్లాల నుంచి వచ్చిన లెక్కలన్నీ కలిపితే, 1826 నాటికి మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. శ్రీవిల్లిపుత్తూరు అప్పుడు తిరునెల్వేలి జిల్లాలో భాగం.

తాటాకు స్థానంలోకి పలక, నల్లబల్ల, అచ్చు పుస్తకం పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మెల్లగా వచ్చాయి. శ్రీవిల్లిపుత్తూరులో 1875లో ఒక గ్రంథాలయం వెలిసి, తిరునెల్వేలి కలెక్టరు పెన్నింగ్టన్ పేరు పెట్టుకుంది. తమిళనాడులో ఇప్పటికీ నడుస్తున్న పాత పౌర గ్రంథాలయాల్లో అదొకటి. బడిలో లేని పుస్తకం ఊళ్లో ఒకచోట దొరకడం పంతులుకు చాలా పెద్ద విషయం.

విరుదునగర్‌లో 1889లో నాడార్లు స్థాపించిన క్షత్రియ విద్యాశాల కథ ఇంకా గొప్పది. వర్తకులు సరుకు మీద తీసి ఉంచే మహమై నిధి, ఇంటింటా వంటకు కొలిచే బియ్యంలోంచి పక్కకు పెట్టే పిడికెడు బియ్యం ఆ బడికి ఆధారాలు. ఒక సముదాయం తన బడిని తానే పోషించుకుంది. తర్వాత ముఖ్యమంత్రి అయిన కామరాజ్ అక్కడే చదువుకుని, ఇంటి పరిస్థితుల వల్ల మధ్యలో మానేశారు.

పక్కనే ఉన్న శివకాశి ఈ చరిత్రలో వేరే దారిన ప్రవేశిస్తుంది. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని 1923లో తిరిగొచ్చారు. అగ్గిపెట్టెకు లేబుల్ కావాలి, లేబుల్‌కు అచ్చుయంత్రం కావాలి. అలా మొదలైన ముద్రణ క్యాలెండర్లు, డైరీలు, నోటుపుస్తకాల దాకా పెరిగి, దేశమంతటి బడిసంచులకు సరుకు పంపే స్థాయికి చేరింది. ఆ అగ్గిపెట్టెల పనే శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిలో ఎందరో పిల్లల్ని బడికి దూరం చేసింది. నోటుపుస్తకాలు తయారయ్యే ఊళ్లోనే పిల్లల చేతికి అవి అందకపోవడం ఈ ప్రాంత చరిత్రలో దాచలేని గాయం. బాలకార్మికుల కోసం కేంద్రం ఎనభైల్లో జాతీయ ప్రాజెక్టు తెచ్చినప్పుడు శివకాశి దాని తొలి కేంద్రాల్లో ఉంది.

ముఖ్యమంత్రిగా కామరాజ్ చేసిన పనుల్లో కోవిల్‌పట్టి దగ్గరి ఎట్టయపురంలో 1956లో ఆరంభించిన మధ్యాహ్న భోజనం అందరికీ తెలిసిందే. 1958 నుంచి విద్యాశాఖాధికారి నె.దు. సుందరవడివేలు నడిపిన బడుల మెరుగుదల మహాసభలు అంతగా గుర్తులేవు. ఊరి జనం ఒకచోట చేరి తమ బడికి కావలసిన నల్లబల్లలు, బెంచీలు, పటాలు, గడియారాలు తామే ఇచ్చేవారు. విరుదునగర్ పిడికెడు బియ్యం ఆలోచనే రాష్ట్రమంతటికీ విస్తరించినట్టుంది. మూడు దశాబ్దాల తర్వాత, 1987లో, కేంద్రం ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పేరుతో ప్రతి ప్రాథమిక బడికీ రెండు గదులు, ఇద్దరు పంతుళ్లు, పటాలు, బోధన సామగ్రి ఉండాలని నిశ్చయించింది. స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్లయినా నల్లబల్ల కోసం పథకం అవసరమైందంటే పల్లె బడుల స్థితి ఎలా ఉండేదో ఊహించవచ్చు.

ఆ తర్వాత తమిళనాడు బడుల రూపాన్ని నిజంగా మార్చిన సాధనం తెలుగు పల్లెల నుంచి వచ్చింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల ఏకోపాధ్యాయ బడుల కోసం కార్డులు తయారు చేశారు. ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలుంటారు కాబట్టి పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఎవరి మెట్టు వారు ఎక్కేలా అమర్చారు. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో ఈ పద్ధతిని అందుకున్నాయి. ఐఏఎస్ అధికారి ఎం.పి. విజయకుమార్ దానికి అండగా నిలిచారు. 2007–08 కల్లా అది రాష్ట్రమంతటా, ఈ ప్రాంతంలో కూడా, ప్రాథమిక బడులకు చేరింది. గోడ చుట్టూ పిల్లల చేతికందే ఎత్తులో నల్లబల్లలు వచ్చాయి. పంతులు పీట దిగి చాప మీద కూర్చున్నాడు. చట్టాంపిళ్ళై చేసిన పనిలో కొంత భాగం ఇప్పుడు కార్డు చేసింది.

తెర కథ దీనికన్నా ముందే మొదలైంది. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహ టీవీ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలకు తెలుగులో బడి పాఠాలు అందాయి. ఆ ప్రయోగంలోని ఆరు రాష్ట్రాల్లో తమిళనాడు లేదు. 1984లో కేంద్రం కొన్ని బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 2004 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి చదువు కోసమే ఎడ్యుశాట్ ఎగిరింది. అయినా మామూలు పల్లె పంతులుకు వీటి వల్ల కలిగిన మేలు తక్కువే. పాఠం ఎక్కడో తయారై, ఏదో ఒక వేళకు వచ్చేది. ఆపి మళ్లీ చూపించే వీలు లేదు, తన మాట చేర్చే వీలూ లేదు.

2011లో తమిళనాడు ప్రభుత్వం పై తరగతుల విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. 2016 తర్వాత ఇంటర్నెట్ చవకైంది. కేంద్రం 2017 సెప్టెంబరు 5న దీక్షా అనే ఆన్‌లైన్ పాఠాల వేదికను తెచ్చింది. 2018లో ఒకటి, ఆరు, తొమ్మిది, పదకొండు తరగతులకు వచ్చిన కొత్త తమిళనాడు పుస్తకాల్లో పాఠం పక్కన క్యూఆర్ కోడ్ కనిపించింది. ఫోను చూపితే వీడియో తెరుచుకుంటుంది. గణిత పుస్తకాల్లో జియోజీబ్రా అభ్యాసాలకు లింకులు ఇచ్చారు. జియోజీబ్రా 2001లో ఆస్ట్రియాలో పుట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. త్రిభుజం కోణాన్ని వేలితో జరిపితే మిగతా కొలతలన్నీ కళ్ల ముందే మారతాయి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ కంప్యూటరు ప్రయోగాలు తమిళంలోనూ తెలుగులోనూ దొరుకుతాయి. ప్రయోగశాల లేని ఉన్నత పాఠశాలలో విద్యుత్ వలయం చూపడానికి అంతకన్నా తేలిక దారి లేదు. ఇవి పంతులు చేతిలో ఇమిడిన సాధనాలు. ఆపుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఇసుకకున్న గుణం వీటికీ ఉంది.

రాష్ట్ర విద్యాశాఖ 2019 ఆగస్టులో కల్వి టీవీ తెరిచింది. ఏడాది తిరగకముందే కరోనా వచ్చి బడులన్నీ మూతపడ్డాయి, ఆ చానలే చాలామందికి బడి అయింది. ఫోను లేని ఇంటి పిల్లలు వెనకబడ్డారు. ఆ లోటు పూడ్చడానికి 2021 అక్టోబరులో ఇల్లం తేడి కల్వి పేరుతో వాలంటీర్లు సాయంత్రాలు వీధుల్లో పిల్లల్ని కూర్చోబెట్టారు. అరుగుబడి మరో రూపంలో తిరిగొచ్చిందని చెప్పవచ్చు. 2022లో మొదటి మూడు తరగతులకు ఎణ్ణుం ఎళుత్తుం (అంకె, అక్షరం) పథకం వచ్చింది. ప్రశ్నపత్రాల కోసం, ప్రభుత్వ ఉత్తర్వుల కోసం పంతుళ్లు వెతికేది ఎక్కువగా పాడసాలై, కల్విచోలై వంటి వెబ్‌సైట్లలో.

ఈ చరిత్ర అంతటా తెలుగు ఇంట్లోనే ఉండిపోయింది. విజయనగర, మదురై నాయకుల కాలం నుంచి ఈ నేలకు వచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజపాళయం రాజులు, కంబళత్తు నాయకులు, అరుంధతీయులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు. తెలుగువారి వలస మీద ఆయన 1976లో రాసిన గోపల్ల గ్రామం మాత్రం తమిళ నవల. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి మెట్టు మెట్టుగా తప్పనిసరైంది. మిగిలిన కొద్ది తెలుగు తరగతులకు అప్పటి నుంచి బలం తగ్గింది. గోదాదేవి కథగా, శ్రీవిల్లిపుత్తూరు కథగా శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యద ఈ ఊరి తెలుగు పిల్లలకు చదవరాని పుస్తకమైంది.

తెలుగు లిపికి కంప్యూటరులో దారి వేసింది ఎక్కువగా ఈ సీమ బయటి తెలుగువారే. టెక్సాస్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో తొంభైల్లో తెలుగు లిప్యంతరీకరణ పద్ధతి తయారైంది. 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వీవెన్ చేసిన లేఖిని, ఆంధ్రభారతి నిఘంటువులు తర్వాత వచ్చాయి. ఇవేవీ బడి కోసం చేసినవి కావు. అయినా పంతులు లేని చోట నేర్చుకోదలచినవారికి మొదటి సామగ్రి ఇవే. తమిళనాడు పాఠ్యపుస్తకాల వెబ్‌సైటులో అల్పసంఖ్యాక భాషల వాచకాల మధ్య తెలుగు వాచకాలు కూడా ఉన్నాయి. శ్రీవిల్లిపుత్తూరులో కూర్చుని ఎవరైనా వాటిని ఉచితంగా దించుకోవచ్చు. వాటిని చదివించే తెలుగు పంతుళ్లు మాత్రం ఈ ప్రాంతపు బడుల్లో అరుదు. అందువల్ల ఇక్కడ తెలుగు అక్షరం నేర్చుకునే పిల్లవాడు ఇంట్లో పెద్దల దగ్గరో, ఫోను తెర మీదో దిద్దుకుంటున్నాడు.